అంచుకు కాపు



మీ ఇంట్లో పాత అయిదు రూపాయల బిళ్ళ ఉంటే ఒకసారి చేతిలోకి తీసుకోండి. అదేనండీ, లావుగా, బరువుగా, తెల్లగా ఉండేది. దాని తూకం 9 గ్రాములు. బొమ్మా చూడొద్దు, బొరుసూ చూడొద్దు. అంచు మీద గోరు పెట్టి చుట్టూ తిప్పండి. గోటికి సన్నటి గట్లు వరసగా తగులుతాయి. ఆ గట్ల నడుమ, అంచుకు సరిగ్గా మధ్యలో, ఒక గాడి బిళ్ళ చుట్టూ తిరిగి ఉంటుంది. అరచేతిలో పట్టే వస్తువుకి, అందులోనూ ఎవరూ చూడని పక్కన, ఇంత పనితనం ఎందుకు పెట్టారు?

ఈ పూట నా ప్రసంగం ఆ గట్ల గురించే. నాణెం అంచు దగ్గర మొదలుపెట్టి, గౌతమీ గోదావరి దాటి ద్రాక్షారామం, బిక్కవోలు గుళ్ళ పీఠాల దాకా వెళ్ళి, తిరిగి అమలాపురం, రాజోలు, కొత్తపేట వైపు పాత ఇళ్ళ గుమ్మాల దగ్గరికి వద్దాం. మన కోనసీమలో పొలానికి గట్టూ, గట్టు పక్కన బోదీ ఎలా ఉంటాయో, ఈ పనితనంలో కూడా ఒక గట్టు, ఒక గాడి, మళ్ళీ ఒక గట్టు అలాగే ఉంటాయి. చూసినవాళ్ళు అందం కోసం చెక్కారంటారు. అందం నిజమే. కానీ ఏ వస్తువైనా ముందు అరిగేది అంచు దగ్గర. దొంగ చెయ్యి ముందు పడేదీ, వాన నీరు ముందు దిగేదీ అంచు దగ్గరే. మన పెద్దవాళ్ళు నగిషీని తీసుకెళ్ళి సరిగ్గా అక్కడే పెట్టారు. దానికి కాపలా పని అప్పజెప్పారు. ఇది మనసులో ఉంచుకుని చూస్తే నాణెమూ గుడీ గుమ్మమూ ఒకే సంగతి చెబుతాయి.

ముందు నాణెం సంగతి.

ఒకప్పుడు వెండి రూపాయి విలువ దాని మీద ఉన్న అక్షరాల్లో కాదు, అందులోని వెండిలో ఉండేది. 1835లో ఈస్టిండియా కంపెనీ తన రాజ్యమంతటికీ ఒకే రూపాయి తెచ్చినప్పుడు దాని తూకం 180 గ్రెయిన్లు, ఇప్పటి లెక్కలో 11.66 గ్రాములు. అందులో పన్నెండింట పదకొండు పాళ్ళు వెండి. అంచు నునుపుగా ఉన్న నాణెం దొరికితే మోసగాడికి పండగే. ఆకురాయితో అంచును యాభయ్యో వంతు గీకితే కంటికి ఆనదు. అలా యాభై నాణేలు గీకితే ఒక నాణేనికి సరిపడా వెండి పొడి వాడి దగ్గర మిగులుతుంది. ఆ యాభై నాణేలూ మళ్ళీ బజారులోకి పోతాయి. చివరికి నష్టం ఎవరికి? శిస్తు కట్టడానికో, కొబ్బరికాయలు అమ్ముకోవడానికో వచ్చిన రైతుకి. షరాబు త్రాసులో వేసి, తరుగు ఉందనీ నాణెం పాతబడిందనీ వట్టం పట్టేవాడు. తన చేతిలోకి రాకముందే ఎవడో చేసిన దొంగతనానికి రైతు సొమ్ము చెల్లించాలి. నాణెం అంచు మీద గట్లు పెట్టారంటే ముందు లాభపడింది ఆ రైతే. గట్లు అరిగాయో లేదో చూసుకోవడానికి త్రాసు అక్కర్లేదు, చదువూ అక్కర్లేదు, బొటనవేలు చాలు.

యంత్రాలు రాకముందు మన దేశపు నాణేలకు ఈ కాపు లేదు. రాజమహేంద్రవరం ఏలిన రాజరాజ నరేంద్రుడి బంగారు నాణేలు పదకొండో శతాబ్దానివి. పల్చటి వెడల్పాటి రేకు, నడుమ వరాహం, చుట్టూ ఒక్కొక్క గుర్తునూ విడివిడిగా ముద్ర కొట్టిన పని. ఆయనవీ, ఆయనకు ముందు ఏలిన శక్తివర్మవీ సముద్రం అవతల అరకాన్ తీరాన ఉన్న చెదూబా దీవిలోనూ, సయాంలోనూ దొరికాయి. గోదావరి వర్తకులు ఎంత దూరం వెళ్ళారో ఆ దొరకడంలోనే తెలుస్తోంది. అయితే అంత పల్చటి రేకుకు గట్లు చెక్కేంత మందం ఎక్కడిది? దాన్ని కాపాడింది త్రాసూ, రాజు పేరు మీద నమ్మకమూ. ద్రాక్షారామ శాసనాల్లో దాతలు మాడలనే బంగారు నాణేలు సమర్పించినట్టు కనిపిస్తుంది. ఆనాటి శాసనాల్లో ఉట్టి మాడ అని ఊరుకోకుండా రాజరాజ మాడ, బిరుదు మాడ, కులోత్తుంగ మాడ అని పేరు పెట్టి రాయించేవాళ్ళు. ఏ రాజు మాడో రాతిలో చెక్కించవలసి వచ్చిందంటే, నాణేనికీ నాణేనికీ ఎంత తేడా ఉండేదో ఊహించుకోవచ్చు.

అంచుకు యంత్రంతో పని పెట్టడం యూరప్‌లో కుదురుకుంది. పియేర్ బ్లాండో అనే ఫ్రెంచి పనివాడు ఆ విద్యను లండన్ టంకశాలకు తీసుకెళ్ళాడు. 1662 నుంచి అక్కడ నాణేలు యంత్రం మీద తయారయ్యాయి. చిన్న నాణేలకు అంచు మీద గట్లు, పెద్ద నాణేలకు అంచు మీద అక్షరాలు. ఆ అక్షరాలు లాటిన్‌లో ఉంటాయి. ఇది అలంకారమూ, రక్షణా అని వాటి భావం. మూడున్నర శతాబ్దాల కిందట ఒక టంకశాల తన నాణెం అంచు మీదే ఈ సంగతి చెక్కిందని తెలిసినప్పుడు నాకు చాలా ఆనందమేసింది.

ఇక్కడ ఒక మాట సవరించాలి. ఈ గట్లను ఐజాక్ న్యూటన్ కనిపెట్టాడని చాలామంది చెబుతారు. న్యూటన్ లండన్ టంకశాలలో చేరింది 1696లో. అప్పటికి గట్ల అంచు వచ్చి ముప్పై ఏళ్ళు దాటింది. ఆయన చేసిన పని వేరు. సుత్తితో కొట్టిన పాత నాణేలు, అంచులు తరిగిపోయినవి, ఇంకా బజారులో తిరుగుతూనే ఉన్నాయి. వాటన్నిటినీ వెనక్కి తీసుకుని కరిగించి కొత్తగా ముద్రించే పెద్ద కార్యాన్ని ఆయన దగ్గరుండి నడిపించాడు. మంచి అంచు కనిపెడితే చాలదు, చెడ్డ అంచున్న నాణెం బజారులోంచి పోతేనే అది పనిచేస్తుంది.

మన ప్రాంతం కోసం యంత్రపు నాణెం ఎప్పుడు తయారైందో చెప్పనా? 1794లో. అప్పట్లో మచిలీపట్నం నుంచి గంజాం దాకా ఉన్న తీరాన్ని ఉత్తర సర్కారులు అనేవారు. మన డెల్టా అందులోదే. ఇక్కడ చెలామణీ అయ్యే డబ్బు అనే రాగి నాణెం చేత్తో కొట్టినది, ఒకటి పొట్టి, ఒకటి లావు. వాటి స్థానంలో కంపెనీ రూపాయికి 48, రూపాయికి 96 చొప్పున మారే రాగి నాణేలను ప్రత్యేకించి ఉత్తర సర్కారుల కోసం చేయించింది. వాటిని చేసింది బర్మింగ్‌హామ్ దగ్గర సోహోలో మాథ్యూ బోల్టన్ టంకశాల. ఆవిరి యంత్రం బలంతో ముద్ర పడింది. అన్నీ గుండ్రం, అన్నీ ఒకటే కొలత. ఓడల్లో ఆరు నెలలు ప్రయాణం చేసి వచ్చిన ఆ రాగి బిళ్ళలు గోదావరి సంతల్లో పాత డబ్బుల పక్కన చేరాయి.

అసలు గట్లు ఎలా పడతాయో చెబుతాను. నాణేనికి సరిపడా గుండ్రటి లోహపు బిళ్ళను ఉక్కు కంకణంలో కూర్చోబెడతారు. ఆ కంకణం లోపలి గోడ మీద నిలువు గాళ్ళు చెక్కి ఉంటాయి. పైనుంచీ కిందనుంచీ ముద్రలు ఒక్కసారి నొక్కుతాయి. ఆ ఒత్తిడికి లోహం పక్కలకు సాగి కంకణం గాళ్ళలోకి చొరబడుతుంది. బొమ్మ, బొరుసు, అంచు మూడూ ఒక్క దెబ్బతో అయిపోతాయి. కంకణంలో గాడి ఉన్నచోట నాణెం మీద గట్టు లేస్తుంది. దొంగ నాణెం చేసేవాడు రెండు ముఖాలకూ అచ్చు తీసి పోత పోయగలడు. అంచు దగ్గరే వాడు దొరికిపోతాడు, ఎందుకంటే పోత మూసలో రెండు సగాలూ కలిసేది అక్కడే, ఆ అతుకు గట్లను చెడగొడుతుంది.

1940లో యుద్ధం నడుస్తుండగా రూపాయిలో వెండిని సగానికి తగ్గించారు. అప్పుడే అంచుకు కాపు పెంచారు. ఉట్టి గట్లు చాలవని నడుమ ఒక గాడి చేర్చారు. మొదట్లో నేను గోటితో గీయమన్న అయిదు రూపాయల బిళ్ళ గాడి ఆ వంశానిదే. వెండి తగ్గినకొద్దీ అంచు మీద పని పెరిగిందన్నమాట. గీకేవాడి భయం పోయింది, దొంగ అచ్చు వేసేవాడి భయం మిగిలింది.

ఇప్పుడు మన ఇళ్ళ సంగతికి వస్తాను. గోదావరి జిల్లాల్లో బంగారాన్ని కాసుల్లో లెక్కపెడతాం. పిల్లకు పది కాసులు పెట్టారు, పాతిక కాసులు పెట్టారు అంటాం. కాసు అంటే 8 గ్రాములు. ఆ లెక్క వెనుక ఉన్నది ఇంగ్లీషు సావరిన్ నాణెం. దాని తూకం 7.98 గ్రాములు, 22 క్యారెట్ల బంగారం, అంచు చుట్టూ గట్లు. మొదటి ప్రపంచ యుద్ధం నాడు, 1918లో, దాన్ని బొంబాయిలో కూడా ముద్రించారు. ఇక తులం సంగతి చూడండి. పాత తులం 180 గ్రెయిన్లు, సరిగ్గా వెండి రూపాయి తూకం. ఇవాళ బజారులో తులమంటే 10 గ్రాములంటున్నారు గాని, మన అమ్మమ్మలు చెప్పిన తులం రూపాయితో సరిపోయేది. ఆ రూపాయి అంచు తరగలేదని నమ్మకం ఉండబట్టే దాన్ని తూకపురాయిగా వాడుకోగలిగారు. ఇంట్లో త్రాసు ఉంటే రూపాయి బిళ్ళే పడికట్టు. కంసాలి ఇచ్చిన వస్తువును ఆడవాళ్ళు రూపాయితో తూచి చూసుకునేవారు.

అందుకే ఒక విన్నపం. పాత సావరిన్లూ వెండి రూపాయలూ ఇంట్లో ఉంటే కొక్కెం అతికించకండి. కాసుల పేరు చేయించుకోవాలనుకుంటే కంసాలి దగ్గర లక్ష్మీదేవి కాసులు దొరుకుతాయి. నిజమైన నాణేనికి కొక్కెం అతికితే ఆ మేర గట్లు కరిగిపోతాయి. తరవాత కొక్కెం ఊడదీసినా అంచు తిరిగి రాదు. నాణేలు సేకరించేవాళ్ళు ముందు అంచే చూస్తారు, ధర సగానికి కోసేదీ అక్కడే. తళతళలాడాలని బూడిద వేసి రుద్దడమూ మానుకోవాలి.

ఈ విద్య తెలుగు నేల మీద ఇంకా సజీవంగా ఉంది. హైదరాబాదు టంకశాల 1803లో నిజాం సికందర్ జా కాలంలో మొదలైంది. 1903లో సైఫాబాదుకు మారింది. మహబూబ్ అలీఖాన్ నాటి చార్మినార్ రూపాయి యంత్రపు అంచుతో అక్కడే తయారైంది. 1997 నుంచి పని చర్లపల్లిలో జరుగుతోంది. నందమూరి తారక రామారావు శతజయంతికి 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి ద్రౌపది ముర్ము విడుదల చేసిన వంద రూపాయల నాణెం హైదరాబాదు టంకశాల పనే. దాని వ్యాసం 44 మిల్లీమీటర్లు, బరువు 35 గ్రాములు, సగం వెండి. అంచు మీద గట్లు 200. లెక్క వేసి చూడండి, ఒక గట్టు నుంచి మరో గట్టుకు ముప్పావు మిల్లీమీటరు కూడా ఉండదు. ఆ నాణేన్ని కొనుక్కున్నవాళ్ళు రామారావుగారి ముఖం చూసి మురిసిపోయారు, అది సహజం. నేను మాత్రం అంచును చూసి ఆ పనివాళ్ళకు దండం పెట్టుకున్నాను.

వెండి పోయింది, బంగారం పోయింది, ఇవాళ జేబులో తిరిగే బిళ్ళను గీకితే ఎవరికీ ఏమీ రాదు. మరి గట్లు ఇంకా ఎందుకు? చూపు లేనివాళ్ళ కోసం. 2019 మార్చి 7న విడుదలైన కొత్త నాణేల వరసను చూపు లేనివాళ్ళు తడిమి గుర్తుపట్టేలా రూపొందించారు. అందులో ఇరవై రూపాయల నాణేనికి పన్నెండు పలకలు, అంచు మీద గట్లు లేవు. గట్లు ఉండటం ఒక గుర్తయితే, లేకపోవడం ఇంకో గుర్తు. బస్సులో కండక్టరు ఇచ్చిన చిల్లరను ఒకరి సాయం అడగకుండా వేళ్ళతోనే లెక్కపెట్టుకోగలగడం చిన్న విషయం కాదు. దొంగను ఆపడానికి పుట్టిన పనితనం ఒక మనిషికి గౌరవం ఇచ్చే దాకా వచ్చింది.

ఇక రాతి దగ్గరికి వెళ్దాం.

ముక్తేశ్వరం రేవులో గౌతమి దాటితే అవతల కోటిపల్లి, అక్కడినుంచి ద్రాక్షారామం. భీమేశ్వరుడి గుడి తూర్పు చాళుక్యుల నాటిది, చాళుక్య భీముడి పేరుతో ముడిపడింది. రెండంతస్తుల గర్భాలయం, కింది అంతస్తులోనూ పై అంతస్తులోనూ దర్శనమిచ్చే ఎత్తైన లింగం. భక్తులు లోపలికి నడుస్తారు. మీరు ఈసారి వెళ్ళినప్పుడు దర్శనం అయ్యాక గోడ మొదట్లో, నేల దగ్గర, ఒక్క అయిదు నిమిషాలు కూర్చోండి. గుడి గోడ నేరుగా నేలలోంచి లేవదు. దాని కింద పీఠం ఉంటుంది, శిల్పులు దాన్ని అధిష్ఠానం అంటారు. ఆ పీఠం వరసలు వరసలుగా, గట్లూ గాళ్ళుగా ఉంటుంది. అన్నిటికన్నా కింద ఉపానం, దాని మీద నిటారుగా జగతి, ఆపైన పొట్ట పెంచినట్టు ముందుకు ఉబ్బిన కుముదం. ఆ కుముదం కొన్ని గుళ్ళలో గుండ్రంగా, కొన్నిట్లో మూడు పలకలుగా ఉంటుంది. దానిపైన లోపలికి తగ్గిన కంఠం, ఆపైన పట్టిక. కొన్ని పీఠాలకు పట్టిక బదులు కపోతం, అంటే చూరులా వంగి ముందుకు వచ్చే వరస ఉంటుంది.

ఈ పేర్లు బట్టీపట్టాల్సిన పనిలేదు. రాతి మీద వేలు పెట్టి పైనుంచి కిందికి తెస్తే అవే తెలుస్తాయి. ముందుకు వచ్చింది, లోపలికి పోయింది, మళ్ళీ ముందుకు వచ్చింది. వాన పడ్డప్పుడు చూడండి. గోడ మీదుగా జారిన నీరు ముందుకు వచ్చిన గట్టు దగ్గర ఆగి, దాని అంచు నుంచి బొట్టు బొట్టుగా బయటికి రాలుతుంది. లోపలికి తగ్గిన కంఠం చాలా మటుకు పొడిగా ఉంటుంది. నీరు గోడ మొదట్లోకి పోకుండా గట్టు దాన్ని బయటికి నెడుతోంది. ఎండ కాసినప్పుడు ఆ గట్టే గుడి కింద నీడ గీతలు గీస్తుంది. అంత బరువైన కట్టడం ఆ నీడ గీతల వల్ల నేల నుంచి కాస్త పైకి లేచినట్టు, తేలిగ్గా కనిపిస్తుంది. వానకు ఒక పని, ఎండకు ఒక పని.

ఇంకా స్పష్టంగా చూడాలంటే బిక్కవోలు వెళ్ళండి. గుణగ విజయాదిత్యుడి బిరుదు మీద వెలసిన ఊరు అది, తొమ్మిదో శతాబ్దం నాటిది. ఊరి బయట పొలాల్లో నిలిచి ఉన్న గుళ్ళ చుట్టూ అడ్డు తక్కువ. ఉదయమో సాయంత్రమో ఎండ ఏటవాలుగా పడే వేళకు వెళితే పీఠంలోని ఒక్కొక్క వరసా విడివిడిగా తెలుస్తుంది. మిట్టమధ్యాహ్నం వెళితే పైనుంచి పడే ఎండలో చాలా వివరం కొట్టుకుపోతుంది.

మన డెల్టాలో రాయి పుట్టదు. తవ్వితే ఒండ్రు మట్టి, ఇసక, ఇంకా తవ్వితే నీళ్ళు. కొండ ఉన్నచోటి నుంచి రాయి తేవాల్సిందే. అలా తెచ్చిన రాయిని, ఒక్కొక్కటీ ఎంతో ఖర్చుకు వచ్చినదాన్ని, ఉలితో తొలిచి గాళ్ళు చేశారు. నునుపుగా పేర్చి వదిలేస్తే పని ఎంత తగ్గేది! ఊరికే అందం కోసమే అయితే ఆ ఖర్చు గోపురం మీద పెట్టేవాళ్ళు, నలుగురూ చూసేచోట. నేల దగ్గర, మోకాలి ఎత్తులో పెట్టారంటే పని తెలిసి పెట్టారు.

గట్ల వరస అనగానే శ్రీముఖలింగం గుర్తుకొస్తుంది. శ్రీకాకుళం జిల్లాలో వంశధార ఒడ్డున మధుకేశ్వరాలయం శిఖరం మీద గుండ్రంగా, గట్లు తీర్చిన పెద్ద రాయి ఉంటుంది. దాని పేరు ఆమలకం. ఉసిరికాయ మీద ఉండే గీతలే ఆ రాయికి మాతృక. తెలంగాణలో అలంపురం నవబ్రహ్మ ఆలయాల మీద కూడా అదే. గ్రీకులు కంభాలకు నిలువు గాళ్ళు చెక్కారు. డోరిక్ పద్ధతిలో 20, అయోనిక్ పద్ధతిలో 24. ఎత్తైన కంభం మీద వెలుగూ నీడా నిలువుగా పాకి దాన్ని ఇంకా నిటారుగా చూపిస్తాయి. దేశాలు వేరైనా రాతిపనివాడికి ఎండ ఒక్కటే కదా.

గుడి నుంచి ఇంటికి వద్దాం. కోనసీమ మండువా లోగిళ్ళు ఇంకా కొన్ని నిలిచి ఉన్నాయి. అరుగు మీద వసారా, వసారాకు టేకు స్తంభాలు, నడుమ ఆకాశం కనిపించే మండువా. ఆ టేకు పాపికొండల ఎగువ అడవుల నుంచి గోదావరి మీద తెప్పలు కట్టుకుని దిగేది. తరిమెన పట్టిన స్తంభాల మీద కడియాల్లా గట్లు చుట్టి ఉంటాయి. ద్వారబంధం మీద పూసల వరస, తామర రేకుల వరస, వాటి నడుమ సన్నటి గాళ్ళు. పెళ్ళిళ్ళకు మామిడాకులు కట్టేదీ, గడపకు పసుపు రాసేదీ ఆ గుమ్మానికే.

ఆ ఇంటి తలుపు రెక్కను ఒకసారి దగ్గరగా చూడండి. చుట్టూ చట్రం, లోపల పలక. పలకను చట్రానికి మేకులతో బిగించరు. చట్రంలో గాడి తీసి అందులో పలకను వదులుగా కూర్చోబెడతారు. ఎందుకంటే శ్రావణ మాసంలో చెక్క ఉబ్బుతుంది, వైశాఖంలో ముడుచుకుంటుంది. బిగిస్తే పగులుతుంది. గాడిలో ఉంటే కాస్త అటూ ఇటూ కదులుతుంది. ఆ కదలికకు వదిలిన సందును కప్పడానికే పలక చుట్టూ ఉబ్బెత్తు పట్టీ. మనం నగిషీ అనుకునేది ఆ పట్టీనే. వంద వర్షాకాలాలు చూసిన తలుపు ఇప్పటికీ పగుళ్ళు లేకుండా ఉందంటే ఆ గాడికి దండం పెట్టాలి.

గోడ పైన కార్నీసు సంగతి మరీ ముచ్చటైనది. సిమెంటు రాకముందు మనకు గుల్ల సున్నం. నత్తగుల్లలు కాల్చి, ఇసక కలిపి, గానుగలో వేసి ఎద్దుతో తిప్పించేవారు. కరక్కాయ నీళ్ళు, బెల్లం నీళ్ళు పోసేవారు. కార్నీసుకు గట్లు ఎలా తీసేవారంటే, కావలసిన ఆకారాన్ని ఇనప రేకులో కత్తిరించి, దాన్ని ఒక చెక్కకు బిగించేవారు. తడి సున్నాన్ని గోడ మీద దట్టంగా వేసి, ఆ రేకును ఒక చివరి నుంచి ఇంకో చివరికి చెయ్యి వణక్కుండా లాగేవారు. ఎక్కువైన సున్నం రాలిపోతుంది, గట్లూ గాళ్ళూ నిలుస్తాయి. చెయ్యి ఎక్కడైనా ఆగితే అక్కడ మచ్చ పడుతుంది. అందుకని ఇద్దరు మేస్త్రులు కలిసి, ఒకరు లాగుతుంటే ఇంకొకరు సున్నం అందిస్తూ నడిచేవారు. నాణెం కంకణంలో లోహం గాళ్ళలోకి ఎలా సాగిందో, ఇక్కడ సున్నం రేకు గాళ్ళలోంచి అలా తీరుతుంది.

ఈ పనితనాన్ని మనం ఇప్పుడు పోగొట్టుకుంటున్న తీరు చూస్తే బాధ కలుగుతుంది, దాచుకోకుండా చెబుతాను. గుడి ప్రాంగణంలో భక్తుల సౌకర్యానికని నేల ఎత్తు పెంచి నాపరాళ్ళో గ్రానైటు పలకలో పరుస్తారు. పీఠంలో కింది రెండు వరసలు భూమిలో కూరుకుపోతాయి. గుడి మోకాళ్ళ మీద కూర్చున్నట్టు అయిపోతుంది. వాన నీరు బయటికి రాలాల్సిన గట్టు ఇప్పుడు నేలకు ఆనుకుని నీటిని గోడకే అందిస్తుంది. ఉత్సవానికని ఏటేటా పూసిన నూనె రంగు పొరలు పొరలుగా గాళ్ళను పూడ్చేస్తుంది. ఆ రంగు వదిలించాలని ఇసకను గాలి ఒత్తిడితో చల్లితే, రంగుతోపాటు రాతి పొరా శాసనాల అక్షరాలూ పోతాయి. అంచు గీకిన నాణేనికీ, ఇసకతో కొట్టిన శాసనానికీ నాకు తేడా కనిపించదు. రెండిట్లోనూ పోయింది తిరిగి రాదు.

పాత సున్నం గోడలకు సిమెంటు పూయడం ఇంకో పొరపాటు. మన నేలలో తేమ ఎక్కువ, సముద్రం పక్కన ఉప్పు ఎక్కువ. సున్నం గోడ ఆ తేమను పీల్చి మళ్ళీ బయటికి వదిలేస్తుంది. సిమెంటు దాన్ని లోపలే బంధిస్తుంది. కొన్నేళ్ళకు లోపలి ఇటుక పొడిపొడిగా రాలుతుంది, పైన పెచ్చులు ఊడతాయి. మేస్త్రి పని బాగాలేదని తిడతాం. పాత కార్నీసు విరిగితే ఆ విరిగిన ముక్కనే నమూనాగా పెట్టుకుని రేకు కత్తిరించి సున్నంతో సరిచేయించవచ్చు. సున్నం పని తెలిసిన మేస్త్రులు తగ్గారు గాని పూర్తిగా పోలేదు. వాళ్ళను వెతికి పని ఇస్తేనే వాళ్ళ దగ్గర నేర్చుకునే కుర్రాళ్ళు తయారవుతారు.

కొత్త ఇల్లు కట్టుకునేవాళ్ళకు కూడా ఒక మాట. ఈ మధ్య అంగట్లో అచ్చుపోసిన నగిషీ పట్టీలు దొరుకుతున్నాయి, గోడకు అతికిస్తే సరిపోతుంది. ఇష్టమైతే పెట్టుకోండి, అందం ఎవరికి చేదు? కానీ అతికించిన పట్టీ కింద గాడి లేకపోతే అది మన వానకు ఏ పనీ చేయదు. సన్‌షేడ్ పైన పడిన నీరు అంచు దాటి కింది వైపుకు అంటిపెట్టుకుని పాకుతూ గోడ దాకా వస్తుంది. కిటికీ పైన గోడ మీద నల్లటి చారలు పడేది అందుకే. సన్‌షేడ్ అడుగున, బయటి అంచుకు ఒక అంగుళం లోపలగా, చివరి నుంచి చివరి దాకా వేలి మందం గాడి ఒకటి తీయిస్తే నీరు దాన్ని దాటలేదు, అక్కడే బొట్టుగా రాలిపోతుంది. దీనికి ప్రత్యేకంగా ఖర్చేమీ లేదు. ప్లాస్టరింగు చేసేటప్పుడు సన్నటి కర్రను అందులో ఒత్తి, ఆరాక తీసేస్తే గాడి పడుతుంది. అయితే మేస్త్రికి ఆ సంగతి మాలు కలపకముందే చెప్పాలి. పని అయిపోయాక గుర్తొస్తే మళ్ళీ పగలగొట్టాల్సిందే.